కర్నాక్ గోడల మీద పొద్దుటి ఎండ

ఈజిప్టులోని లక్సర్‌లో మొదటి రోజు తీసిన ఫొటోలు రాత్రి హోటల్ గదిలో చూసుకుంటుంటే దిగులేసింది. కర్నాక్ ఆలయంలో పెద్ద స్తంభాల మండపం ఉంది కదా, దాని దక్షిణపు బయటి గోడ మీద ప్రాచీన ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ యుద్ధ దృశ్యాలున్నాయి. రథాలు, గుర్రాలు, కూలిపోతున్న శత్రువులు. కళ్ళారా చూసి వచ్చాను. ఫొటోల్లో మాత్రం వట్టి రాతిగోడ. మిట్టమధ్యాహ్నం ఎండ సూటిగా పడుతుంటే చెక్కిన గీతల్లో నీడ ఎక్కడిది!

మర్నాడు అక్కా నేనూ ఆరింటికే గేటు దగ్గరున్నాం. జనవరి నెల, ఇంకా సరిగా తెల్లవారలేదు. ముందు మండపంలోకి వెళ్ళాం. 134 స్తంభాలు. నడిమి వరుసల్లోని 12 స్తంభాలు దాదాపు 21 మీటర్ల ఎత్తు, పైన విచ్చుకున్న పాపిరస్ (నీటి రెల్లు లాంటి మొక్క) పువ్వుల ఆకారం. అటూ ఇటూ ఉన్న 122 స్తంభాలు వాటికంటే పొట్టివి, వాటి తలలు ముడుచుకున్న మొగ్గలు. ఆ ఎత్తు తేడాలోనే రాతి జాలీ కిటికీలు పెట్టారు. పైకప్పు ఉన్న రోజుల్లో వెలుగు వాటిలోంచే దిగేది. వెలుగు పడే చోట పువ్వు, చీకట్లో మొగ్గ! ఇది తెలిశాక ఆ కిటికీల్లో మిగిలిన ఒకదాన్ని వెతికి పట్టుకుని, దానికే పది ఫొటోలు తీశాను.

లెన్స్ పైకి ఎత్తితే స్తంభాలన్నీ లోపలికి వాలిపోతున్నాయి. కెమెరా వంచకుండా వెనక్కి జరుగుదామంటే వీపుకు ఇంకో స్తంభం తగులుతోంది. చివరికి అక్కను ఒక స్తంభం మొదట్లో నిలబెట్టి, పైభాగం వదిలేసి, కింది సగమే తీశాను. మూడు మీటర్ల పైనే మందం ఉన్న ఆ రాయి పక్కన అక్క చిన్నపిల్లలా ఉంది. మొత్తం స్తంభాన్ని ఇరికించిన ఫొటోల్లో కూడా ఆ పెద్దతనం ఇంతలా తెలియలేదు.

మా గైడ్ చెప్పిన మాట ఒకటి నా కళ్ళు తెరిపించింది. మండపం ఉత్తర భాగంలో చెక్కించినవాడు రామ్సెస్ తండ్రి మొదటి సేతి. అక్కడ బొమ్మలు గోడలోంచి ఉబ్బి బయటికి వస్తాయి. దక్షిణ భాగం కొడుకు రామ్సెస్‌ది. అతనూ మొదట అలాగే మొదలుపెట్టి, తర్వాత బొమ్మను గోడలోకి లోతుగా దించే పద్ధతికి మారాడు. చెక్కినవాటిని కూడా అలా మార్పించాడు. ఉబ్బు చెక్కడం లోపలి మసక వెలుగుకు బాగుంటుంది. ఎండలో అది వెలవెలబోతుంది. లోతు చెక్కడానికి ఎండే ప్రాణం, అంచుల్లో నీడ నల్లటి గీతలా నిలుస్తుంది. నాకు మాత్రం సేతి పనితనమే నచ్చింది. ముఖాల మీద ఆ నునుపు, వేళ్ళ కొసల్లో ఆ ఓపిక రామ్సెస్ గోడల్లో నాకు కనబడలేదు.

తొమ్మిదింటికి దక్షిణపు గోడ దగ్గరికి పరుగెత్తాం. ఎండ ఏటవాలుగా, గోడను రాసుకుంటూ వస్తోంది. నిన్న కనబడని గుర్రాల కాళ్ళు ఒకదాని వెనక ఒకటి లేచాయి. రథచక్రాల ఆకులు, లాగిన వింటినారి కూడా! గంటకు పైగా అక్కడే ఉన్నాను. నీడలు కరిగిపోవడం మొదలయ్యాకే కెమెరా దించాను.

బయటికి వస్తూ మొదటి గోపురం వెనక ఆగాం. గోపురం కట్టడానికి పోసిన పచ్చి ఇటుకల దిమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది. పక్కనే నునుపు చేయకుండా వదిలేసిన స్తంభం, గరుకు రాళ్ళ దొంతరలాగా. ముందు రాళ్ళు పేర్చి, ఆ తర్వాత చెక్కేవారని ఆ ఒక్క స్తంభం చూస్తే తెలిసిపోతుంది. చాలామంది అటు చూడకుండానే వెళ్ళిపోతున్నారు.

సాయంత్రం మ్యాప్ ముందేసుకు కూర్చున్నాను. తెల్లారితే నైలు పడమటి ఒడ్డున మెదినెట్ హాబు ఆలయం. మూడో రామ్సెస్ అక్కడ అక్షరాలను ఎంతో లోతుగా చెక్కించాడు. ఏ గోడ ఎటు తిరిగి ఉందో గుర్తులు పెట్టుకుని, అక్కకు చెప్పి, నాలుగున్నరకు అలారం పెట్టాను.