జాయింట్ పక్కన నా నంబరు

గల్ఫ్‌లో ఉన్న మా గాజువాక, మల్కాపురం కుర్రాళ్ల గురించి ఇంట్లోవాళ్లు గొప్పగా చెప్పుకునేది జీతం గురించి, కట్టిన మేడ గురించి. అవి చిన్న విషయాలని నేననను. కానీ రోజంతా మేం చేసే పని ఆ మాటల్లో ఎక్కడా ఉండదు. నాకు గర్వమంటూ ఉంటే అది ముందు ఆ పని మీదే.

నేను అబుదాబి ఎమిరేట్‌లోని రువైస్‌లో పైప్ వెల్డర్‌ని. ఇక్కడికి రావాలంటే ట్రేడ్ టెస్టులో సిక్స్ జీ అనే పరీక్ష పాసవ్వాలి. అందులో పైపును 45 డిగ్రీల వాలులో బిగించేస్తారు. దాన్ని తిప్పడానికి లేదు, చుట్టూ మనమే తిరగాలి. మొదటి వరస, అంటే రూట్, టిగ్‌తో, అంటే ఆర్గాన్ గ్యాస్ రక్షణలో చేసే వెల్డింగ్‌తో వేస్తాం. లోపలి అంచులు రెండూ కరిగి కలుస్తున్నాయా లేదా అన్నది హెల్మెట్ నల్లద్దంలోంచి కనిపెట్టుకుంటూ పోవాలి. చెయ్యి తొందరపడితే అతుకు పడదు, ఆగిపోతే లోహం జారుతుంది. గాలి వీచిందంటే ఆర్గాన్ చెదిరి లోపల బుడగలు మిగులుతాయి. అందుకని జాయింట్ చుట్టూ టార్పాలిన్ కట్టి కూర్చుంటాం. దానికీ గాలి తగలదు, మాకూ తగలదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి రూలు. మిగతా వేళల్లో వేడి తక్కువేం కాదు.

పనయ్యాక జాయింట్ పక్కన మార్కర్‌తో వెల్డర్ నంబరు రాస్తారు. పేరుండదు. రాత్రి అందరూ వెళ్లాక ఎక్స్‌రే వాళ్లు చుట్టూ తాడు కట్టి, అతుకు లోపల లోపాలున్నాయేమో చూడ్డానికి ఫిల్మ్ తీస్తారు. ఫిల్మ్ బాగుంటే ఎవరూ ఏమీ అనరు, రిపేర్ ఉంటేనే ఫోర్‌మన్ పిలుస్తాడు. పిలవని రోజు నేను ఛాతీ విరుచుకునే నడుస్తాను. దీన్ని పొగరు అంటే ఒప్పుకోను. ఫిట్టర్ రెండు పైపుల మధ్య గ్యాప్ సరిగ్గా పెట్టకపోతే నా రూట్ లేదు, ఆ మాట అందరి ముందూ చెబుతాను.

ఈ బుద్ధి ఇంట్లోనే అబ్బింది. నాన్న విశాఖ షిప్‌యార్డ్‌లో ప్లేటర్, ఓడకి ప్లేట్లు అమర్చే పని. 1941లో సింధియా కంపెనీ మొదలుపెట్టిన యార్డ్ అది. హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయి ఇన్నేళ్లయినా ఆ చోటుని మేం సింధియా అనే అంటాం. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ ఓడ నీళ్లలోకి దిగింది అక్కడే. అప్పటికి నాన్న పుట్టనే లేదు, అయినా ఆ కథ తనే కట్టినట్టు చెప్పేవాడు. డాల్ఫిన్స్ నోస్ పక్క నుంచి ఓడ సముద్రంలోకి పోతుంటే “అదిగో, ముందువైపు ప్లేట్లు మావేరా” అని వేలు పెట్టి చూపించేవాడు. ఆయన జీతమెంతో అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు.

సెలవుకి వెళ్తే మాత్రం నన్ను అందరూ అడిగేది ఒకటే, “నెలకెంత మిగులుతాదిరా?” మొన్న మా మేనల్లుడొక్కడే అలా అడగలేదు. కంచరపాలెం ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చదువుతున్నాడు. “మావయ్యా, కింద మొదలెట్టేటప్పుడు వైరు ఎటునుంచి ఇవ్వాలి?” అన్నాడు, అతుకులో కరిగించి నింపే వైరు గురించి. ఎవరిదో శుభలేఖ వెనకాల పైపు బొమ్మ గీసి, భోజనాలకు పిలిచేదాకా చెబుతూనే ఉన్నాను. వాడు రేపు ఏ దేశం వెళ్లినా, డబ్బు పంపావా అని అడిగే ముందు ఫిల్మ్ ఎలా వచ్చిందో అడగవే అని మా అక్కకి మరీ మరీ చెప్పి వచ్చాను.