పదకొండో లైను

మా కాలనీ పార్కు గేటు పక్కన ఆకుపచ్చ రేకు బోర్డు ఒకటి ఉంది. దాని మీద తెల్ల అక్షరాలతో పదకొండు నిబంధనలు. ఆ పదకొండూ రాసింది నేనే. రంగు వేసింది పెయింటర్, అక్షరానికి ఇంత అని లెక్కగట్టి. అందుకే ఆ బోర్డులో "దయచేసి" అన్న మాట ఒక్కచోట కూడా కనిపించదు. నాలుగక్షరాలు, పదకొండు చోట్ల, అంటే నలభై నాలుగు అక్షరాల ఖర్చు. ట్రెజరర్ గారు పెన్సిల్‌తో అన్నీ కొట్టేశారు.

2019 ఎండాకాలం అది. మేముండేది హైదరాబాద్‌లో, బాగ్‌లింగంపల్లికి దగ్గర్లో. పార్కు అంటే పెద్దదేం కాదు. నాలుగు కానుగ చెట్లు, ఒక నేరేడు, ఆరు సిమెంటు బెంచీలు, పిల్లలకు ఒక జారుడుబల్ల, చుట్టూ నడవడానికి పలకలు పరిచిన దారి. నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తాను, తెలుగులో ఉత్తరాలు రాయడం అలవాటు. ప్రెసిడెంట్ గారు ఇంటికొచ్చి, "అమ్మా, నీ తెలుగు బాగుంటుంది, నువ్వే రాసిపెట్టు" అన్నారు. పొగిడితే పడిపోని వాళ్లెవరు? రాసిపెట్టాను.

ఆ బోర్డు చదివితే ఎవరికైనా మేమేదో మహా కఠినమైన మనుషులం అనిపిస్తుంది. కానీ దాంట్లో ఒక్కో లైను వెనక ఒక్కో గొడవ ఉంది. క్రికెట్ ఆడరాదు అన్నది ఒక పెద్దాయన కళ్లజోడు పగిలినందుకు. కొత్త కళ్లజోడు ఎవరు కొనివ్వాలన్న పంచాయితీ రెండు నెలలు నడిచింది. కుక్కలను తేరాదు అన్నది చివరింటి లాబ్రడార్ వల్ల. అది పాపం ఎవరినీ ఏమీ అనదు, కానీ పిల్లలు ఆడుకునే ఇసకలోనే దానికి పొద్దున పని. యజమాని కవరు పట్టుకుని రెండు రోజులు వెంట తిరిగాడు, మూడో రోజు నుంచి కవరు లేదు. 2018లో కొండాపూర్‌లో నగరపాలక సంస్థ, అదే జీహెచ్‌ఎంసీ వాళ్లు కుక్కల కోసమే ఒక పార్కు తెరిచారు కదా, అక్కడికి తీసుకెళ్లమని ఎవరో సలహా ఇచ్చారు. "అంత దూరం రోజూ ఆటో మాట్లాడాలా దీనికి?" అన్నాడాయన. నిజమే మరి.

ఒకే దిశలో నడవాలి అన్నది ఇద్దరు రిటైరైన వాళ్లు ఎదురెదురుగా వచ్చి, దారివ్వడం దగ్గర మాటామాటా అనుకున్నందుకు. ఫోన్ స్పీకర్ పెట్టరాదు అన్నది ఒక బెంచీ మీద సుప్రభాతం, ఇంకో బెంచీ మీద టీవీ చర్చ ఒకేసారి మోగుతున్నందుకు. కరివేపాకు కోయరాదు అన్నదానికి వివరణ అక్కర్లేదు, మొక్క మోడైపోయింది.

ఇక నాలుగోది: బెంచీల మీద వడియాలు పెట్టరాదు. ఆ వడియాలు మా అత్తగారివి. గుమ్మడికాయ వడియాలు, పాత చీర పరిచి, రెండు బెంచీలు ఆక్రమించి, పిట్టలు రాకుండా గొడుగు పట్టుకుని మూడో బెంచీ మీద ఆవిడ. కమిటీలో నా ముందే అడిగితే నేను కాదనలేకపోయాను. బోర్డు పెట్టిన రోజు ఆవిడ నిలబడి మొత్తం చదివి, "నా పేరు కూడా కింద రాయించకపోయావా తల్లీ" అన్నారు. ఆ ఏడు మా ఇంట్లో వడియాల్లేవు.

ఇవన్నీ స్వేచ్ఛకు అడ్డమేనా అంటే అడ్డమే. మా అత్తగారి స్వేచ్ఛకు కచ్చితంగా అడ్డం. కానీ అవతల ఇంకొకరి కళ్లజోడో, చెవులో, మోకాళ్లో ఉన్నాయి. ఎవరికి ఏం ఇబ్బందో వేలు పెట్టి చూపించవచ్చు. పదకొండో లైనుకు అలాంటిదేమీ లేదు.

మీటింగ్ అయిపోయి టీలు తాగుతున్నాం. ప్రెసిడెంట్ గారు గుర్తొచ్చినట్టు, "జంటల గురించి కూడా ఒకటి వేసెయ్యమ్మా" అన్నారు. ఎవరైనా కంప్లయింట్ చేశారా అని అడిగాను. "చేసేదాకా ఆగుతామా?" అన్నారు. అందరూ తలూపారు, నేనూ ఊపాను. పైగా ఇంటికొచ్చి ఆ వాక్యానికి మెరుగులు కూడా పెట్టాను. "జంటలు అభ్యంతరకరంగా కూర్చోరాదు." హుందాగా ఉందని సంతోషించాను కూడా.

వారం తిరక్కుండానే వాచ్‌మన్ తాత మా గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, అభ్యంతరకరం అంటే ఏందమ్మా? ఎంత దూరం కూసోవాలె?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు, వెటకారం కాదు. జానెడా, బారెడా చెబితే దాని ప్రకారం చూసుకుందామని. నా దగ్గర జవాబు లేదు. "నీకు తెలీదా తాతా, చూస్తే తెలుస్తుందిగా" అని పంపేశాను. దాంతో కొలత ఆయనే పెట్టుకున్నాడు. బెంచీ మీద ఒక ఆడ, ఒక మగ, ఇద్దరూ వయసులో ఉంటే విజిల్.

2021 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నేను నడుస్తుంటే ఆ విజిల్ వినిపించింది. వెనక సందులో అద్దెకుండే కొత్త జంట. ఒకటే గది, అందులో అత్తమామలు, మరిది, వీళ్లిద్దరూ. ఏదో తగ్గు గొంతుతో మాట్లాడుకుంటున్నారు, బహుశా డబ్బుల గురించే, ఇద్దరి మొహాలూ అలా ఉన్నాయి. తాత వెళ్లి లెవ్వమన్నాడు. ఆ పిల్ల ఏమీ అనలేదు. చున్నీ కొంచెం పక్కకి జరిపి, మెడలో నల్లపూసలు రెండు వేళ్లతో పైకెత్తి చూపించింది. బస్సులో పాసు చూపించినట్టు. తాత సరేనన్నట్టు తలూపి వెనక్కి వచ్చేశాడు. వాళ్లు మాత్రం లేచి వెళ్లిపోయారు. నేను తల తిప్పుకుని ఇంకో రౌండు వేశాను. ఆపి ఒక మాట అనొచ్చు, అనలేదు.

అదే ఏడాది ఆగస్టులో ఇందిరా పార్కు గేటు దగ్గర బ్యానర్ కట్టారు, పెళ్లికాని జంటలకు లోపలికి ప్రవేశం లేదని. మీకు గుర్తుండే ఉంటుంది. ట్విట్టర్‌లో ఫోటో తిరిగింది, ఇదేం మోరల్ పోలీసింగ్ అని జనం తిట్టారు, జీహెచ్‌ఎంసీ ఆ బ్యానర్ తీయించి విచారం వ్యక్తం చేసింది. ఇందిరా పార్కు మా పిల్లకాయల కాలం నుంచీ మాది. 1975లో రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు, 1978లో జనానికి తెరిచారు, 76 ఎకరాలు. మా నాన్న ఆదివారాలు దోమలగూడ నుంచి నడిపించుకుని తీసుకెళ్లేవారు. ఆ చెట్ల కింద కూర్చునేవాళ్లలో ఎవరికి పెళ్లయిందో ఆయన ఎప్పుడూ అడిగిన గుర్తు లేదు, నన్ను మాత్రం గడ్డి పీకొద్దని అరిచేవారు.

ఆ వార్త చదివి మా ఆయన, "చూశావా, ఎంత మొరటుగా రాశారో" అన్నారు. నాకు నవ్వు రాలేదు. వాళ్లు రాసిందీ నేను రాసిందీ ఒకటే, నాది కాస్త మంచి తెలుగు, అంతే. విచిత్రం ఏమిటంటే సరిగ్గా ఆ రోజుల్లోనే ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేసి, జనం హాయిగా తిరగడానికి వదలడం మొదలుపెట్టారు. ఇందిరా పార్కుకీ ట్యాంక్‌బండ్‌కీ మధ్య ఎంత దూరమని? ఒకచోట రమ్మంటారు, ఒకచోట పొమ్మంటారు.

మా మరిది కొడుకు లా చదువుతున్నాడు. వాడిని అడిగితే చట్టం వేరే ఉందన్నాడు. అప్పట్లో భారత శిక్షాస్మృతి, అంటే ఐపీసీలో సెక్షన్ 294, ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 296. బహిరంగ స్థలంలో అశ్లీలంగా ప్రవర్తించి, దానివల్ల ఇతరులకు చికాకు కలిగితే నేరం. "చూడు పెద్దమ్మా, ప్రవర్తనా ఉండాలి, ఇబ్బంది పడ్డవాళ్లూ ఉండాలి. కూర్చోవడం నేరమని ఎక్కడా లేదు. మీ బోర్డు చట్టం కంటే కఠినంగా ఉంది" అన్నాడు. వాడికి మార్కులు ఎన్నొస్తాయో తెలీదు గానీ నాకు మాత్రం సున్నా వేశాడు.

నిబంధనలే వద్దనే మనిషిని కాను నేను. కేబీఆర్ పార్కులో ప్లాస్టిక్ తేవొద్దంటారు, చీకటి పడకముందే బయటికి పొమ్మంటారు. పొమ్మనాలి. 1998 నుంచి అది నేషనల్ పార్కు, అక్కడ నెమళ్లు ఇంటివాళ్లు, మనం చుట్టాలం. లుంబినీ పార్కు గేటు దగ్గర సంచి తెరిచి చూస్తే నేను ఇప్పటికీ మారు మాట్లాడను. 2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం లేజర్ షో చూడ్డానికి వచ్చినవాళ్లు బాంబుకు బలయ్యారు. ఆ రాత్రి ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ బ్యాగు చెక్ చేస్తే విసుక్కోరు. ట్యాంక్‌బండ్ మీద పుట్టినరోజు కేకులు కోయొద్దని బోర్డులు పెట్టినప్పుడు కుర్రాళ్లు గోల పెట్టారు, నేను మాత్రం చప్పట్లు కొట్టాను. కేకు కోసేది పావుగంట, ఆ నురగ డబ్బాలూ అట్టపెట్టెలూ ఎత్తేవాళ్లకు తెల్లారేదాకా పని.

కానీ ఈ మధ్య నన్ను ఎక్కువ కుదిపింది పదకొండోది కాదు, పదోది. "పార్కు వేళలు: ఉదయం 5 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 8." రాస్తున్నప్పుడు దానికి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. మధ్యాహ్నం పార్కుకు ఎవరొస్తారు, ఎండలో?

మా ఇంట్లో పని చేసే అక్క పోయినేడు మే నెలలో మా అపార్టుమెంటు మెట్ల మీద, మోటారు గది పక్కన కూర్చుని అన్నం తింటోంది. పొద్దున మూడిళ్లు, మధ్యాహ్నం తర్వాత ఇంకో రెండిళ్లు. వాళ్ల ఇల్లు దూరం, మధ్యలో పోయి రాలేదు. ఇక్కడెందుకు కూర్చున్నావని అడిగాను. "ఇదివరకు పార్కుల నేరేడు చెట్టు కింద కూసుంటుంటిమి అమ్మా, నలుగురం ఐదుగురం. మీరే తాళమేస్తిరి గద. ఇంగ యాడ కూసోవాలె?" అంది. కోపంగా కాదు, వార్త చెప్పినట్టు చెప్పింది. ఐదేళ్లుగా ఆ తాళం అక్కడ ఉంది. ఐదేళ్లుగా నేను రోజూ ఆ గేటు ముందు నుంచే ఆఫీసుకు పోతున్నాను.

తర్వాత గమనిస్తే ఇంకా కనబడ్డారు. అశోక్‌నగర్ వైపు హాస్టళ్లలో గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు గదికి నలుగురైదుగురు. లైబ్రరీలో సీటు దొరకని రోజు పుస్తకం పట్టుకుని మా గేటు దాకా వచ్చి తాళం చూసి పోతారు. డెలివరీ కుర్రాళ్లు బండి ఆపి గోడ నీడలో నిలబడతారు. గోడకు అవతల ఆరు బెంచీలు ఖాళీ. ఆ వేళల్లో ఏసీ ఆఫీసులోనో, ఇంట్లో ఫ్యాన్ కిందో ఉండే మేము కూర్చుని ఆ వేళలు నిర్ణయించాం.

కమిటీలో రెండు లైన్లూ తీసేద్దామన్నాను. పదకొండోది పోవడం చాలా సులువైంది. ఇందిరా పార్కు సంగతి గుర్తుచేసి "పేపర్లో పడతాం" అన్నాను, అంతే, ఏకగ్రీవం. నా న్యాయం, మరిది కొడుకు సెక్షన్లు ఏవీ అక్కర్లేకపోయాయి. పదోది మాత్రం మూడు మీటింగులు తిన్నది. ఎవరు కాపలా ఉంటారు? పనీపాటా లేనోళ్లు వచ్చి పడుకుంటే? "పడుకుంటే ఏమవుతుంది బాబాయి గారూ, మీరు మధ్యాహ్నం పడుకోరా?" అని ఒకాయన్ని అడిగేశాను. ఆయన ఆ తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు. నాకు పక్కన వచ్చి నిలిచింది ఎవరనుకున్నారు, మా అత్తగారు. సభ్యురాలు కాకపోయినా మీటింగుకి వచ్చి, "ఖాళీ బెంచీలకు ఎండ పెట్టడం దేనికి, వడియాలకైనా ఇవ్వలేదు, మనుషులకైనా ఇవ్వండి" అన్నారు. పాత బాకీ అలా తీర్చుకున్నారు.

చివరికి చిన్న గేటు పన్నెండు నుంచి మూడు దాకా తెరిచి ఉంచడానికి ఒప్పుకున్నారు. పెయింటర్ వచ్చి పదో లైను మార్చాడు, పదకొండో లైను మీద ఆకుపచ్చ రంగు పూశాడు. ఆ ఆకుపచ్చ, పాత ఆకుపచ్చ కలవలేదు. సాయంత్రం ఎండ పక్క నుంచి పడితే "అభ్యంతరకరంగా" అన్న మాట కింద నుంచి ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉంటుంది.

పోయిన నెల ప్రెసిడెంట్ గారు మళ్లీ ఇంటికి వచ్చారు. మధ్యాహ్నం తిన్నవాళ్లు మిగిలిన అన్నం చెట్టు మొదట్లో పడేస్తున్నారట, వీధి కుక్కలు చేరుతున్నాయట. ఆ ఖాళీ లైనులో ఏదైనా రాసిపెట్టమన్నారు. ఈసారి గొడవ నిజమైనదే, కుక్కల్ని నేనూ చూశాను. "మిగిలిన అన్నం డబ్బాలో వేయండి" అని కాగితం మీద రాసి, వంటింట్లో గిన్నెలు తోముతున్న అక్కకు వినిపించాను, బాగుందా అని.

"బాగనే ఉందమ్మా. కానీ మాలో చదువొచ్చినోళ్లు ఎవరున్నరు?" అంది. "డబ్బా యాడుందో చెప్పున్రి, ఏస్తం."

డబ్బా లేదు. రేపు ట్రెజరర్ గారిని అడగాలి.