ఓల్డ్ ఫ్యాషన్డ్‌లో నీటి వాటా

మూలికలు, సుగంధ ద్రవ్యాలతో చేసే చేదు ద్రావణమైన అంగోస్తురా బిట్టర్స్ రెండు చుక్కలు పడగానే చక్కెర బిళ్ళ ఇటుక రంగుకు తిరిగింది. చెంచాడు నీటితో దాన్ని మెదుపుతున్నంతసేపూ లవంగం, దాల్చినచెక్కలను తలపించే ఘాటు గ్లాసు అంచు దాటి పైకి వస్తూనే ఉంది.

ఈ సాయంత్రం ఇంట్లోనే ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ కాక్‌టెయిల్ కలుపుకున్నాను. 60 మిల్లీలీటర్ల బర్బన్ (ప్రధానంగా మొక్కజొన్నతో చేసే అమెరికన్ విస్కీ) పోసి, పెద్ద ఐసు ముక్క వేసి, అర నిమిషం పాటు నెమ్మదిగా తిప్పడమే ఇందులో అసలు పని. తిప్పడం చల్లదనం కోసమే అనుకుంటాం గానీ, కరిగి చేరే ఆ నీరు కూడా ఈ పానీయంలో ఒక దినుసే. అది కలిస్తేనే మద్యపు మంట తగ్గి, కాల్చిన ఓక్ పీపాలో నిల్వ ఉన్నప్పుడు అబ్బిన వెనిల్లా, మాడిన చక్కెర వాసనలు విడివిడిగా తెలుస్తాయి. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పత్రిక, కాక్‌టెయిల్‌లో మద్యం, చక్కెర, నీరు, బిట్టర్స్ ఉంటాయని రాస్తూ నీటిని విడిగా పేర్కొనడం ఊరికే కాదనిపించింది.

చివరగా నారింజ తొక్కను గ్లాసు మీద మడిచి నొక్కితే, సన్నని నూనె తుంపర పైన తేలి మెరిసింది. చెర్రీ పండు వేసుకునేవారితో నాకు పేచీ ఏమీ లేదు గానీ, నా గ్లాసులో మాత్రం దానికి చోటు లేదు.