రెండు వందల కిలోలు దించాక లదాఖ్ ఎక్కాం

లదాఖ్ ప్రయాణానికి సిద్ధం చేసిన మా థార్‌ని ఆటోనగర్‌లో లారీలు తూచే కాటా మీద నిలబెట్టి, చీటీ తెచ్చి నాన్న చేతిలో పెట్టాను. 2,500 కిలోలు అని ఉంది. నేను, బావ లోపల కూర్చునే తూచాం. నాన్న ఆ చీటీని రెండుసార్లు చదివి, నేరుగా బండి వెనక్కి వెళ్లి, బరువు మోసే విల్లులాంటి స్ప్రింగులు, అంటే కమాన్ పట్టీల కింద వంగి చూశారు. పట్టీలు దాదాపు చదునుగా అయిపోయి ఉన్నాయి. "ఇది ఇబ్రహీంపట్నం దాటేలోపు ఏమీ అవదురా. కొండ మీద గుంతలో పడ్డప్పుడు తెలుస్తుంది" అన్నారు.

నాన్న 28 ఏళ్లు లారీ నడిపారు. విజయవాడ నుంచి గౌహతి, ఢిల్లీ, కాన్పూర్. యూట్యూబ్‌లో వీడియోలు చూసి ఎనిమిది నెలల పాటు నేను బండికి ఒక్కొక్కటీ బిగిస్తూ పోతుంటే ఆయన ఏమీ అనలేదు. బయల్దేరడానికి పది రోజుల ముందు మాత్రం "ఒకసారి కాటా మీద పెట్టి చూడు" అన్నారు. ఆ ఒక్క మాట లేకపోతే మా ప్రయాణం దారిలోని హిమాచల్ కొండల్లో, స్పితిలోనే ఆగిపోయేదని ఇప్పటికీ నమ్ముతాను.

బండి పాత తరం మహీంద్రా థార్ సీఆర్‌డీఈ, 2016 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను, 60 లీటర్ల ట్యాంకు, ముందు స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్ అనే కడ్డీ, వెనక కమాన్ పట్టీలు. ఫోర్ వీల్ డ్రైవ్‌కి గేరు పక్కనే వేరే రాడ్డు ఉంటుంది. ఈ తరం బండిలో చెడిపోతే తెలిసీ తెలియని మెకానిక్ కూడా చేయి పెట్టగలడు, అందుకే కొన్నాను. మా దారి విజయవాడ నుంచి హైదరాబాద్, నాగపూర్ మీదుగా ఢిల్లీ, అక్కడి నుంచి సిమ్లా, కిన్నౌర్, స్పితి, కుంజుమ్ కనుమ దాటి లాహౌల్, అక్కడి నుంచి లేహ్. మొత్తం 31 రోజులు, 7,400 కిలోమీటర్లు. మనాలి నుంచి ఎక్కకుండా కిన్నౌర్ నుంచి వెళ్లడానికి కారణం శరీరమే. సముద్రమట్టం దగ్గర పుట్టి పెరిగినవాళ్లం. సిమ్లా 2,200 మీటర్లు, కల్పా మూడు వేలకు కాస్త తక్కువ, ఆ తర్వాత నాకో, కాజా... ఇలా మెల్లగా ఎత్తు పెరుగుతూ పోతే తలనొప్పి, వాంతులు చాలావరకు తప్పుతాయి.

కాటా దగ్గరి నుంచి వచ్చిన రోజు సాయంత్రం వాకిట్లో పట్టా పరిచి బండిలోని సామానంతా కింద పెట్టాం. నాన్న కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒక్కో వస్తువు చూపించి ఒకటే ప్రశ్న అడిగారు: "ఇది లేకపోతే ఏమవుతుంది?" బండి పైన మడిచి పెట్టే టెంటు, దాని నిచ్చెన కలిపి 62 కిలోలు. అది లేకపోతే కిన్నౌర్‌లో, స్పితిలో ప్రతి ఊళ్లోనూ హోమ్‌స్టే ఉంది, నేల మీద వేసుకునే చిన్న టెంటు నాలుగు కిలోలే. తీసేశాం. పైగా అంత బరువు నెత్తి మీద ఉంటే మలుపులో బండి పక్కకి ఒరుగుతుంది. వాలుగా ఉన్న రాళ్ల దారిలో అదే బండిని పడేస్తుంది. నేను ఇనుప యాంగిల్స్‌తో చేయించిన క్యారియర్ 48 కిలోలు. దాన్ని తీయించి 18 కిలోలలో అల్యూమినియం పైపుల క్యారియర్ వేయించాం. రెండో స్టెప్నీ 34 కిలోలు. దాని బదులు ఒక ట్యూబు, పంక్చర్ కిట్టు, టైరు కోతకి లోపలి నుంచి అంటించడానికి లారీవాళ్లు వాడే గేటరు అనే మందపాటి అతుకు ముక్కలు రెండు. ట్యూబ్‌లెస్ టైరు పక్క గోడ కోసుకుపోతే పంక్చర్ పుల్ల నిలవదు. లోపల గేటరు అంటించి ట్యూబు వేస్తే పక్క ఊరి దాకా నడుస్తుంది. ఇది నాకు ఏ వీడియోలోనూ దొరకలేదు.

రెండో డీజిల్ క్యాను, సగం నీళ్లు, మడత కుర్చీలు, బల్ల, నేను ఆన్‌లైన్లో కొన్న 112 ముక్కల టూల్ సెట్టు కూడా పోయాయి. ఆ సెట్టులోంచి ఈ బండికి సరిపోయే స్పానర్లు, సాకెట్లు మాత్రమే ఏరి పాత గుడ్డ సంచిలో చుట్టారు నాన్న. మర్నాడు మళ్లీ కాటా మీద పెడితే 2,290. అంటే 210 కిలోలు దిగాయి.

కమాన్ పట్టీల సంగతి ఆ తర్వాత తేలింది. నేను రెండు పట్టీలు అదనంగా వేయించాలనుకున్నాను. ఆటోనగర్‌లో నాన్నకి తెలిసిన పాత మేస్త్రి, నేను బాబాయ్ అని పిలుస్తాను, ఒకటి చాలన్నారు. బరువు తగ్గించాక రెండు వేస్తే వెనక భాగం బిగుసుకుపోయి రాళ్ల దారిలో చక్రం నేలను అంటుకోదట. ఒకటి వేసి, షాక్ అబ్జార్బర్లు, కీళ్ల దగ్గర అదురు తగ్గించే రబ్బరు బుష్‌లు కొత్తవి మార్చారు. స్పితి దారిలో నాలుగు రోజులు గులకరాళ్ల మీద నడిచాక బుష్‌ల విలువ నడుముకి బాగా తెలిసింది.

టైర్ల దగ్గర నేను ఎక్కువ ఖర్చు పెట్టాను, అందుకు ఇప్పటికీ సంతోషమే. సైజు పెంచలేదు. కంపెనీ ఇచ్చిన 235/70 ఆర్16 లోనే ఆల్ టెరైన్ రకం వేసుకున్నాను. లావు టైర్లు వేస్తే అందంగా ఉంటుంది కానీ పికప్ తగ్గుతుంది, స్టీరింగ్ తిప్పినప్పుడు లోపల రాసుకుంటుంది, స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది. గాలి విషయం మాత్రం అందరూ పట్టించుకోవాలి. హైవేలో 30 పీఎస్‌ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) పెట్టాను. గులకరాళ్ల దారిలో 24కి తగ్గిస్తే బండి ఎగరడం ఆగిపోయింది, టైరు రాయిని చుట్టుకుని పోతుంది. ఎత్తుకి వెళ్లినకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి గేజీలో అంకె దానంతట అదే పెరుగుతుంది. లేహ్ దారిలోని తగ్లంగ్ కనుమ 5,300 మీటర్ల పైన ఉంది. అక్కడ బయటి ఒత్తిడి మన విజయవాడలో ఉన్నదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. చలి మళ్లీ దాన్ని వెనక్కి లాగుతుంది. ఐదారు డిగ్రీలు తగ్గితే సుమారు ఒక పీఎస్‌ఐ పడిపోతుంది. అందుకని రోజూ పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గేజీతో చూసుకోవడమే మార్గం. నాన్న అయితే గేజీ లేకుండా ఇనుప రాడ్డుతో తట్టి శబ్దాన్ని బట్టి చెప్పేస్తారు. నేను ప్రయత్నించాను, ఇంకా రాలేదు.

గాలి కొట్టే కంప్రెసర్‌ని సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టి ఇంటి దగ్గరే ఫ్యూజు పోగొట్టుకున్నాను. కంప్రెసర్ దాదాపు 30 ఆంపియర్లు లాగుతుంది, సాకెట్ ఫ్యూజు 15కి ఉంటుంది. నేరుగా బ్యాటరీకి క్లిప్పులు పెట్టేది తీసుకోండి. అంతకంటే పెద్ద ప్రమాదం లైట్ల దగ్గర తప్పింది. అదనపు ఎల్ఈడీ లైట్లు ఒక షాపులో పెట్టించాను. రిలే (ఎక్కువ కరెంటుని విడిగా ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు), ఫ్యూజు లేకుండా హెడ్‌లైటు వైరుకే జాయింటు కొట్టి ఇచ్చారు. రాత్రి ట్రయల్‌కి నందిగామ వైపు వెళ్తుంటే కాలిన వాసన వచ్చింది. బానెట్ ఎత్తితే వైరు పైపూత మెత్తబడి పక్క వైరుకి అంటుకుపోయి ఉంది. ఇంకో గంట నడిపి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడ. ఆ పనంతా విప్పించి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, తర్వాత రిలే, మందపాటి వైరు, దాని చుట్టూ గొట్టం వేయించాం. మీ బండికి ఎవరైనా లైట్లు పెడితే బానెట్ ఎత్తించి ఫ్యూజు ఎక్కడుందో చూపించమనండి. చూపించలేకపోతే బండి తీసుకుని వచ్చేయండి.

ముందు బుల్ బార్ అనే ఇనుప గార్డు, దానికి ఇరుక్కున్న బండిని లాగే వించి పెట్టాలని కూడా నాకు కోరిక ఉండేది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బుల్ బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి చెప్పింది. ఢీకొన్నప్పుడు నడిచేవాళ్లకి అది ప్రాణాంతకం. ఆ బరువు కూడా ముందు చక్రాల మీదే పడుతుంది. వదిలేశాను. దాని బదులు ఛాసిస్‌కి బోల్టులతో బిగించిన గట్టి కొక్కేలు ముందు ఒకటి, వెనక ఒకటి, తాడు తగిలించే ఇనుప కడియాలు, అంటే షాకిల్స్ రెండు, సాగే తాడు, పార. నాన్న వీటికి తోడు రెండు గోనె సంచులు, ఒక తుమ్మ చెక్క వేశారు. మెత్తటి నేలలో జాకీ దిగబడకుండా కింద ఆ చెక్క. చక్రం జారితే దాని కింద గోనె సంచి.

నీళ్ల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మేము నిజంగా భయపడింది అక్కడే. కుంజుమ్ దిగి బాతల్ నుంచి గ్రాంఫూ వైపు వచ్చే దారిలో మంచు కరిగిన నీళ్లు రోడ్డు మీదుగా పారతాయి, వాటిని అక్కడ నాలాలు అంటారు. పొద్దున పిక్కల్లోతు ఉన్న నాలా మధ్యాహ్నానికి నడుముదాకా వస్తుంది, ఎండకి పైన మంచు కరుగుతుంది కాబట్టి. అందుకే బాతల్‌లో రాత్రి ఉండి ఐదున్నరకే కదిలాం. ఛోటా దారా దగ్గర మొదటి పెద్ద నాలా ముందు బండి ఆపి, బావ కర్ర పట్టుకుని నడిచి లోతు చూశాడు. "రాళ్లు కుడివైపు పెద్దవిగా ఉన్నాయి, ఎడమకి రా బావా" అని అరిచాడు. లో రేంజ్‌లో (వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ గేరు) మొదటి గేరు, ఎక్కడా క్లచ్ నొక్కకుండా, ఒకే వేగంతో. నీళ్ల మధ్యలో ఇంజను ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు, సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఇంజను గాలి పీల్చే దారిని నీళ్లకి పైన ఉంచే గొట్టం, స్నార్కెల్ గురించి అందరూ మాట్లాడతారు. చక్రాల ఇరుసులోకి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం, యాక్సిల్ బ్రీదర్ గురించి ఎవరూ మాట్లాడరు. దూరం నడిచి వేడెక్కిన యాక్సిల్ ఒక్కసారిగా మంచు నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి బ్రీదర్ గుండా నీళ్లని పీల్చుకుంటుంది. ఆయిల్ పాలలా తెల్లబడుతుంది, బేరింగులు పోతాయి. బాబాయ్ రెండు యాక్సిళ్ల బ్రీదర్లకీ సన్నటి గొట్టం వేసి బానెట్ ఎత్తు దాకా తెచ్చి కట్టారు. ఖర్చు ఆరు వందల లోపే. లేహ్‌లో ఆయిల్ ప్లగ్ విప్పి చూస్తే తేనె రంగులో శుభ్రంగా ఉంది. ఆ ప్లగ్ వేలితో తుడుచుకున్నప్పుడు కలిగిన సంతోషం పాంగాంగ్ సరస్సు చూసినప్పుడు కూడా కలగలేదు.

డీజిల్ లెక్క ఇలా. లాహౌల్‌లో తాండి బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల తర్వాత అని పేరుపడ్డ బోర్డు ఉంది. కొండల్లో నా బండి లీటరుకి ఎనిమిది ఇస్తుంది. 60 లీటర్లకి 480. పక్కదారులకి, దారి మూసేస్తే వెనక్కి రావడానికి 20 లీటర్ల ఇనుప జెర్రీక్యాను ఒకటి చాలు. ప్లాస్టిక్ క్యాను వద్దు, లోపల సీట్ల దగ్గర అసలే వద్దు. డీజిల్ ఫిల్టర్లు రెండు, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ హోసులు, క్లిప్పులు, బ్రేక్ ఆయిల్ వెంట ఉంచుకున్నాం. వాడింది ఒక ఫిల్టరు, ఒక క్లిప్పు.

వంట సామాను అమ్మ చూసుకుంది. మేము కోరినవి రెండే: చిన్న కుక్కరు, పొడులు. కాజాలో నీళ్లు 87 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మూత లేని గిన్నెలో అన్నం ఎంతసేపైనా పలుకుగానే ఉంటుంది. కుక్కరు లేకుండా కంది పొడి తెచ్చుకుని లాభం లేదు. ఆవకాయ సీసా మాత్రం నాకోలో నూనె కక్కేసింది. కింద బిగించిన మూత లోపలి గాలి పైకి వెళ్లాక వ్యాకోచించి, నూనెని సందుల్లోంచి తోసేసింది. స్లీపింగ్ బ్యాగు ఒకటి ఆ వాసనతోనే లేహ్ దాకా వచ్చింది. పచ్చడి సీసా నిండా నింపవద్దు, రోజూ ఒకసారి మూత వదులు చేసి మళ్లీ బిగించండి. ఇంకో సంగతి, వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లదాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఇది తెలుసుకుని వెళ్లడం వల్లే రోజూ రాత్రి నాన్నకి ఫోన్ చేయగలిగాను. "టైర్లు చూశావా?" అనేదే మొదటి మాట.

వచ్చే అక్టోబరులో అరుణాచల్‌లోని తవాంగ్ అనుకుంటున్నాం. బావకి సెలవు దొరకడం లేదు, పక్క సీటులో నాన్న వస్తున్నారు. గౌహతి దాకా ఎన్నిసార్లు లోడు తోలినా ఆ పైన కొండల్లోకి ఎప్పుడూ వెళ్లలేదట. మోకాళ్ల నొప్పి వల్ల థార్ ఎక్కడం కష్టం, అందుకని రెండు వైపులా ఫుట్ స్టెప్పులు చేయిస్తున్నాను. "ఎంత బరువు?" అని అడిగారు. రెండూ కలిపి 14 కిలోలు. ఈ బరువు మాత్రం దించేది లేదని చెప్పాను.