రక్తం గడ్డకట్టే చాప్టర్ ఒకసారి ముంచింది, రెండోసారి గట్టెక్కించింది

నిన్న రిజల్ట్ వచ్చింది. మెడికల్ పీజీ సీటుకు సరిపడా ర్యాంకు. నంబర్ మూడుసార్లు సరిచూసుకుని అమ్మకు ఫోన్ చేశాను, ఇద్దరికీ మాట రాలేదు.

మొదటి అటెంప్ట్ సంగతి చెప్తాను. రక్తం గడ్డకట్టే వరుస చర్యలు, అంటే కాస్కేడ్ మొత్తం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేదాన్ని. పేపర్లో ఏమడిగారంటే, కాలి సిరలో వాల్వు వెనక సందులో, గోడకు దెబ్బే తగలకుండా గడ్డ ఎలా మొదలవుతుందని. నాకు గోడకు దెబ్బ తగిలితే బయటపడే కొల్లాజెన్ తప్ప ఇంకేం తట్టలేదు, అదే పెట్టాను. తప్పు. అలాంటివే ఇంకో నాలుగు పోయాయి.

ఇంటికొచ్చి తెల్ల కాగితం మీద రక్తనాళం లోపలి పొరలో ఉండే ఎండోథీలియల్ కణం ఒక్కటి గీశాను. రక్తం గడ్డకట్టకుండా అది చేసే కాపలా అంతా రాసి, ఆక్సిజన్ తగ్గితే ఏమవుతుందో బాణాలు వేసుకుంటూ పోయాను. సందులో రక్తం నిలిచిపోతే ఆక్సిజన్ పడిపోతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు పనిచేసే హిఫ్-1 ప్రోటీన్‌ను విరగ్గొట్టించే హైడ్రాక్సిలేజ్ ఎంజైమ్‌కు ఆక్సిజన్ కావాలి కదా, అది లేక హిఫ్-1 నిలబడిపోతుంది, గడ్డ కరగకుండా అడ్డుపడే పీఏఐ-1 పెరుగుతుంది, గడ్డను కరిగించే టీపీఏ కట్టుబడిపోయి గడ్డ కరగదు. కణంలోని వైబెల్-పలాడి సంచులు తెరుచుకుని ప్లేట్‌లెట్లను అతికించే వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్, తెల్లకణాలను పట్టే పీ-సెలెక్టిన్ బయటికొస్తాయి, పీ-సెలెక్టిన్‌కు అతుక్కున్న మోనోసైట్లు గడ్డను మొదలుపెట్టే టిష్యూ ఫ్యాక్టర్ తెస్తాయి. దెబ్బతో పనే లేదు!

ఆక్సిడేటివ్ స్ట్రెస్ (సూపరాక్సైడ్ లాంటి చురుకైన ఆక్సిజన్ అణువుల దాడి) బాణాలు వేసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. సూపరాక్సైడ్ నైట్రిక్ ఆక్సైడ్‌ను తినేస్తే ప్లేట్‌లెట్లకు అడ్డు తగ్గిపోతుంది, అంతవరకు తెలిసిందే. ఎండోథీలియల్ కణం మీదుండే థ్రాంబోమాడ్యులిన్ ప్రోటీన్‌లో 388వ అమైనో ఆమ్లమైన మెథియోనిన్ ఒక్కటి ఆక్సిడైజ్ అయితే చాలు, గడ్డను అదుపుచేసే ప్రోటీన్ సి సరిగా యాక్టివేట్ కాదు, గడ్డకట్టించే 5ఏ, 8ఏ ఫ్యాక్టర్లకు కళ్లెం పోతుంది. ఒక్క అమైనో ఆమ్లం! అలాగని ఆక్సిడేషన్ అంటే గడ్డ అని బట్టీ కొట్టకండి, పీఏఐ-1 మెథియోనిన్ ఆక్సిడైజ్ అయితే దాని బలమే పోతుంది.

మిగతా సబ్జెక్టులకు పాత పేపర్లు, గ్రాండ్ టెస్టులు, రెండు రివిజన్లు, అంతే. ఒక్క చాప్టర్‌కు పదకొండు రోజులా అని ఫ్రెండ్స్ టెన్షన్ పెట్టారు. వృథా కాలేదు, డీవీటీ (లోపలి సిరల్లో గడ్డ), సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీయడం), హైపాక్సియా (ఆక్సిజన్ తగ్గడం) అన్నీ ఆ కాగితంలోనే ఉన్నాయి. రోజూ ఉదయం రెండు గంటలు ఫోన్ వేరే గదిలో పెట్టండి, మూడ్ లేదు అనే మాట ఒప్పుకోకండి.

ఈసారి సెప్సిస్ కేసు ఇచ్చి ప్రోటీన్ సి ఎందుకు పనిచేయట్లేదని అడిగారు. ఆ కాగితం మూలన ఎర్ర పెన్నుతో చుట్టిన 388 కళ్ల ముందు కనబడింది. ఆప్షన్లు పూర్తిగా చదవకముందే జవాబు తెలిసిపోయింది.