ప్లేలిస్టులో తగిలినవాళ్లు, పేరు వెతుక్కుని వచ్చినవాళ్లు

సొంతంగా ర్యాప్ రాసుకుని, సొంతంగా విడుదల చేసుకునేవాళ్లకి ఇంతకంటే మంచి కాలం లేదని తరచూ వింటుంటాం. పాటలు విడుదల చేసే కంపెనీల, అంటే లేబుల్స్ ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు, స్టూడియో అద్దె కోసం అప్పు చెయ్యక్కర్లేదు, ఓ మైకు, ఓ ల్యాప్‌టాప్, ఆన్‌లైన్లో కొన్న బీటు (మాటల వెనక మోగే సంగీతం) ఉంటే పడగ్గదిలో రికార్డు చేసిన పాట వారం తిరక్కుండా ప్రపంచంలో ఏ మూల ఉన్నవాళ్లకైనా అందుతుంది. ఇదంతా నిజమే. కానీ పాటని బయటికి వదలడం ఎంత సులువైందో, దాన్ని ఒక మనిషి మొదటి నుంచి చివరి దాకా వినేలా చెయ్యడం అంత కష్టమైంది. నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం ఇదే, అందుకే రాస్తున్నా.

నా దగ్గరి స్నేహితుడొకడు ఉద్యోగం చేసుకుంటూనే ర్యాప్ చేస్తాడు. ఆర్టిస్టులకి మాత్రమే కనిపించే యాప్‌లో తన పాటల లెక్కలు ఒకసారి నాకు చూపించాడు. ఒక పాట గ్రాఫు నేలబారుగా సాగి సాగి ఉన్నట్టుండి ఎత్తుకి లేచింది, కొన్ని వారాలు అక్కడే నిలబడి, ఒక్కరోజులో మళ్లీ కిందికి పడిపోయింది. చదువుకునేటప్పుడు పెట్టుకునే పాటల ప్లేలిస్టు ఒకదాంట్లో దాన్ని ఎవరో చేర్చారు, తర్వాత తీసేశారు, అంతే. ఆ వారాల్లో వేలమంది విన్నట్టు లెక్క. కానీ వాళ్లలో పాటని సేవ్ చేసుకున్నవాళ్లు, పేరు మీద నొక్కి అతని ఇంకో పాటకి వెళ్లినవాళ్లు దాదాపు లేరు. దాని కిందే ఇంకో పాట ఉంది. విన్నవాళ్లు చాలా తక్కువ, కానీ వచ్చినవాళ్లలో ఎక్కువమంది సెర్చ్‌లో అతని పేరు కొట్టి వచ్చినవాళ్లే, మళ్లీ మళ్లీ విన్నారు, రెండో వర్స్‌లో (చరణంలో) వాళ్ల నాన్న గురించి రాసిన లైను పట్టుకుని కొందరు మెసేజ్‌లు కూడా పెట్టారు. మొదటిది బాగా ఆడింది, రెండోది ఆడలేదు అంటుంది ఆ స్క్రీను. నేను మాత్రం ఒప్పుకోను.

ఎందుకంటే ర్యాప్‌లో బలమంతా మాటలోనే ఉంటుంది. వాయిద్య సంగీతమో, మంచి మెలోడీయో అయితే సగం చెవితో విన్నా ఎంతో కొంత మనకి అందుతుంది. పదహారు బార్ల వర్స్ అలా అందదు, బార్ అంటే దాదాపు ఒక లైను. రెండో బార్‌లో మామూలుగా వేసిన మాట పదకొండో బార్‌లో ఇంకో అర్థంతో తిరిగొస్తుంది, ప్రాస లైను చివర్లోనే కాకుండా మధ్యలో రెండు మూడు చోట్ల పడుతుంది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ బీటుకి ఒక వెంట్రుకవాసి వెనక పలకాలో కూడా ఆలోచించి పెట్టుకుంటారు. మెయిల్స్ చూసుకుంటూ, ఫోన్లో ఇంకేదో స్క్రోల్ చేసుకుంటూ వింటే ఇవన్నీ జారిపోయి బీటు, గొంతు మాత్రమే మిగులుతాయి. అప్పుడు ఏ ర్యాపరైనా ఒకటే అనిపిస్తాడు, అతని స్థానంలో ఇంకొకడు వచ్చినా ఎవరికీ తేడా తెలీదు.

న్యూయార్క్‌లో కా అని ఒక ర్యాపర్ ఉండేవాడు. ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో కెప్టెన్‌గా పనిచేస్తూ, 2008 నుంచి తన ఆల్బమ్‌లు తనే విడుదల చేసుకున్నాడు. చాలా బీట్లు తనవే, వీడియోలూ తనే తీసుకున్నాడు, కాపీలు తన చేత్తోనే అమ్ముకునేవాడు. 2024 అక్టోబర్‌లో 52 ఏళ్లకే పోయాడు. ఆయన పాటల్లో డ్రమ్స్ చాలాచోట్ల వినీ వినిపించనట్టు ఉంటాయి, కొన్నిటిలో అసలుండవు. గొంతు పెంచడు, పక్కన కూర్చుని చెప్తున్నట్టు మాట్లాడతాడు, ఆ మాటల్లో ప్రాస మీద ప్రాస పేర్చుకుంటూ పోతాడు. హోరెత్తించే రెండు పాటల మధ్య ప్లేలిస్టులో ఈయన పాట వస్తే చాలామంది పది సెకన్లు కూడా ఉంచరు. కానీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, లిరిక్స్ ఎదురుగా పెట్టుకుని కూర్చుంటే ఒక్క పాటకే ఒక సాయంత్రం అయిపోతుంది. ఇలాంటి రచనకి ఇప్పటి వినికిడిలో చోటు ఎక్కడుందో నాకు కనపడటం లేదు.

వినే అలవాటు మారడం కొత్తేమీ కాదు, ఆ మాట కూడా చెప్పాలి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఒక అపార్ట్‌మెంట్ బిల్డింగులో డీజే కూల్ హెర్క్ చేసిన పార్టీని, ర్యాప్ పుట్టిన హిప్ హాప్ సంస్కృతికి పుట్టినరోజుగా లెక్కేస్తారు. ర్యాప్ పాట రికార్డుగా వచ్చి పెద్ద హిట్టయింది 1979లో. ఆ మధ్య కాలమంతా ఈ సంగీతాన్ని బతికించినవి పార్టీల్లో టేపు చేసిన క్యాసెట్లే, కాపీ మీద కాపీ తీసి చేతులు మారుతూ తిరిగినవి. అదే 1979లో సోనీ వాక్‌మన్ వచ్చింది, వీధిలో అందరికీ వినపడే పాట ఒక్కడి చెవిలోకి చేరింది. 1980ల మొదట్లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో టూ షార్ట్ అనే ర్యాపర్, అతని స్నేహితుడు ఫ్రెడ్డీ బీ అడిగినవాళ్ల కోసం ప్రత్యేకంగా టేపులు చేసి అమ్మేవాళ్లు. డబ్బులిచ్చినవాడి పేరు పెట్టి, అతని గురించే ర్యాప్ చేసి క్యాసెట్ చేతికిచ్చేవాళ్లు. ఎంత చిన్న వ్యాపారమో చూడండి, కానీ రాసినవాడికి విన్నవాడు తెలుసు, విన్నవాడికి రాసినవాడు తెలుసు. ఇంకో సంగతి, టేపులో ఒక లైను అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్లీ వినేవాళ్లు. ఇప్పుడు మన వేలు ముందుకి నొక్కడానికే అలవాటు పడింది.

ఈ ముందుకి నొక్కే వేలుకి భయపడి పాట రూపమే మారిపోయింది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్ కింద లెక్క. అందుకని పాట ముందు వచ్చే ఇంట్రో పోయింది, మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి లాంటి హుక్ మొదటికొచ్చింది, మూడో వర్స్ చాలామంది రాయడమే మానేశారు, రెండు నిమిషాల పాట మామూలైపోయింది. పాట చిన్నదైతే తప్పని నేను అనను. 2018 చివర్లో లిల్ నాస్ ఎక్స్ అనే ర్యాపర్ 30 డాలర్లకి కొన్న బీటు మీద రెండు నిమిషాలైనా లేని పాట చేసి సొంతంగా వదిలాడు, టిక్‌టాక్‌లో అంటుకుని, 2019లో అది అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానంలో 19 వారాలుంది. అందులో తెలివీ ఉంది, ఆనందమూ ఉంది. నా బాధ వేరే. చెప్పడానికి నాలుగు నిమిషాల కథ ఉన్నవాడు కూడా, చివరిదాకా ఎవరూ వినరేమో అన్న టెన్షన్‌తో, దాన్ని కోసి కోసి రెండు నిమిషాలకి కుదిస్తున్నాడు. నా స్నేహితుడు కూడా ఒక పాటలో ఇంట్రో తీసేశాడు, వాళ్లమ్మ వాయిస్ మెసేజ్‌తో మొదలయ్యేది, ఆ పాటకి అదే ప్రాణం.

డబ్బు సంగతికొస్తే చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. నెలకి సబ్‌స్క్రిప్షన్ కట్టి, ఆ నెలంతా మీరు ఒక్క ర్యాపర్ పాటలే విన్నారనుకోండి. మీ డబ్బులో కంపెనీ వాటా పోగా మిగిలింది ఆ ర్యాపర్‌కే వెళ్తుందనుకుంటాం కదా. వెళ్లదు. పెద్ద యాప్‌లలో ఎక్కువభాగం అందరి డబ్బూ ఒకచోట కలిపేసి, మొత్తం స్ట్రీమ్‌లలో ఎవరికి ఎంత వాటా వచ్చిందో చూసి పంచుతాయి. అంటే రోజంతా ఫోన్ పక్కన పడేసి ఏదో ఒకటి మోగనిచ్చేవాడు ఎక్కువ స్ట్రీమ్‌లు పుట్టిస్తాడు కాబట్టి డబ్బు ఎటు పోవాలో అతనే ఎక్కువగా నిర్ణయిస్తాడు, రాత్రి ఓ గంట కూర్చుని ఒకే ఆల్బమ్ శ్రద్ధగా విన్నవాడు అంతే డబ్బు కట్టినా అతని మాటకి విలువ తక్కువ. దీనికి తోడు 2024 నుంచి స్పాటిఫై ఇంకో నిబంధన పెట్టింది, గత 12 నెలల్లో కనీసం 1000 స్ట్రీమ్‌లు రాని పాటకి ఆ రికార్డింగ్ రాయల్టీ అసలు లెక్కకే రాదు. రోజుకి లక్షకి పైగా కొత్త ట్రాకులు వచ్చిపడుతున్న చోట అది కూడా చిన్న గీత కాదు.

మీరు విన్నవాళ్లకే మీ డబ్బు వెళ్లే పద్ధతి కుదరదా అంటే, కుదురుతుంది. 2021లో సౌండ్‌క్లౌడ్ అనే పాటల యాప్ సొంతంగా పాటలు పెట్టుకునేవాళ్ల కోసం ఆ పద్ధతి మొదలుపెట్టింది. ర్యాప్‌కి ఇది అన్నిటికంటే ఎక్కువ న్యాయం చేసే పద్ధతి అని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఇక్కడ కొద్దిమందే అయినా పిచ్చిగా వినేవాళ్లు ఉంటారు.

కొద్దిమందితో బతకొచ్చని లాస్ ఏంజిలెస్ ర్యాపర్ నిప్సీ హసిల్ 2013లోనే చూపించాడు. ఒక మిక్స్‌టేప్‌ని, అంటే సొంతంగా వదిలే ఆల్బమ్ లాంటి పాటల సంకలనాన్ని, ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా ఇచ్చేసి, అదే మిక్స్‌టేప్ సీడీలు 1000 మాత్రం చేయించి ఒక్కోటి 100 డాలర్లకి పెట్టాడు. ఉచితంగా దొరికేదాన్ని 100 డాలర్లు పెట్టి ఎవరు కొంటారన్నారు. ఒక్కరోజులో అయిపోయాయి, అందులో 100 కాపీలు పెద్ద ర్యాపర్ జే జీ కొన్నాడు. కొన్నవాళ్లకి పాట కావలసి కాదు కదా, పాట అప్పటికే ఫోన్లో ఉంది. అతను తన మాస్టర్స్ (అసలు రికార్డింగుల మీద హక్కు) తన దగ్గరే ఉంచుకుని నిలబడాలని, ఆ నిలబడటంలో తమ చెయ్యి కూడా ఉండాలని కొన్నారు. 2019 మార్చి 31న అతన్ని కాల్చి చంపేశారు. ఆ తర్వాత వచ్చిన సొంత ర్యాపర్లలో అతని లెక్కలు చదవనివాళ్లు తక్కువ.

ఇండిపెండెంట్ అన్న మాట కింద అందర్నీ ఒకే గాటన కట్టడం కూడా నాకు నచ్చదు. 2017 గ్రామీల్లో చాన్స్ ద ర్యాపర్ ఏ లేబులూ లేకుండా, అమ్మకానికే పెట్టకుండా స్ట్రీమింగ్‌లో మాత్రమే ఉంచిన ఆల్బమ్‌కి అవార్డు తీసుకున్నాడు. గొప్ప రోజది, నేను సంతోషించాను. అదే ఆల్బమ్‌ని రెండు వారాలు తమ దగ్గర మాత్రమే ఉంచినందుకు యాపిల్ ఐదు లక్షల డాలర్లు ఇచ్చిందని తర్వాత ఆయనే చెప్పాడు. అంతకు ఇరవై ఏళ్ల ముందు మాస్టర్ పీ అనే ర్యాపర్ కూడా మాస్టర్స్ వదలకుండా, పంపిణీ వరకే పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. వీళ్లది ఒక స్థాయి బేరం. ఉద్యోగం నుంచి వచ్చి రాత్రి మిక్సింగ్ చేసుకుని, పాటని యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి ఏటా డబ్బు కట్టి, కవర్ ఆర్ట్ కూడా తనే గీసుకునేవాడి పరిస్థితి వేరు. అతని తరఫున బేరమాడేవాళ్లు ఎవరూ లేరు, వినేవాళ్లు తప్ప.

కాబట్టి వినేవాళ్లం ఏం చెయ్యొచ్చో చెప్తా, నేను చేసేది కూడా ఇదే. కొత్త ర్యాపర్ పాట ప్లేలిస్టులో తగిలి నచ్చితే అక్కడే ఆగి పేరు చూస్తాను, ప్రొఫైల్‌కి వెళ్లి ఆల్బమ్ మొదటి ట్రాక్ నుంచి వరసగా వింటాను, షఫుల్ తీసేసి. వరస కూడా అతను రాసిందే కదా. సేవ్ చేస్తాను, ఎందుకంటే యాప్ ఇంకొకళ్లకి చూపించాలా వద్దా అని తేల్చుకోవడానికి చూసేవాటిలో అదీ ఒకటి. రెండోసారి విన్నప్పుడు లిరిక్స్ తెరిచి పెట్టుకుంటాను. మెసేజ్ పెట్టాలనిపిస్తే నిప్పు ఎమోజీలు కాకుండా ఏ లైను పట్టుకుందో ఆ లైనే రాస్తాను. ఏడాదిలో బాగా తిరగేసిన ఆల్బమ్‌లుంటాయి కదా, అవి మాత్రం కొంటాను. ఆర్టిస్టులు తమ పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ అనే సైట్‌లో కొంటే డిజిటల్ అమ్మకంలో కంపెనీ 10 నుంచి 15 శాతం తీసుకుని, పేమెంట్ ఛార్జీలు పోగా మిగిలింది ఆర్టిస్టుకే ఇస్తుంది, ఫైలు మన దగ్గరే ఉండిపోతుంది, రేపు ఏ యాప్‌లోంచి పాట మాయమైనా మనకి ఇబ్బంది లేదు. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాలు ఆ వాటా కూడా వదులుకుంటున్నారు, బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అంటారు. నేను కొనేవి ఎక్కువగా ఆ రోజుకి దాచిపెట్టుకుని కొంటాను.