మేం గెలిచాం, మనం గెలిచాం

మా వాడికి పదేళ్లు. పుట్టింది, పెరుగుతున్నది లండన్‌లోని ఈస్ట్ హామ్‌లోనే, వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ టీమ్ అంటే ప్రాణం. ఈ టర్మ్ స్కూల్లో రెండో ప్రపంచ యుద్ధం చెబుతున్నారు. మొన్న సాయంత్రం బ్యాగ్ కూడా దించకుండా "అమ్మా, యుద్ధం టైమ్‌లో కూడా మేం కప్ గెలిచాం, తెలుసా?" అన్నాడు.

ఆ "మేం" అన్నమాట గుచ్చుకుంది. ఇంగ్లీషులో మేము, మనము రెండూ ఒకటే కాబట్టి వాడికి ఆ తేడా పట్టుబడలేదు, ఏది నోటికొస్తే అదే అంటాడు. అది తెలిసినా, నన్ను బయట నిలబెట్టినట్టు అనిపించింది.

సరే, ఏంటా మ్యాచ్ అని కూర్చున్నాను. 1940 జూన్ 8, లండన్‌లోని వెంబ్లీ స్టేడియం. యుద్ధం వల్ల ఇంగ్లండ్‌లో ఏటా జరిగే ఫుట్‌బాల్ పోటీ ఎఫ్.ఏ. కప్ ఆపేశారు, దాని బదులు పెట్టిన వార్ కప్‌కి అది ఫైనల్. ఫ్రాన్స్ తీరంలోని డన్‌కిర్క్‌లో చిక్కుకున్న సైనికుల్ని తరలించడం ముగిసి అప్పటికి నాలుగు రోజులే. బాంబులు పడతాయన్న భయం ఉన్నా 42,399 మంది వచ్చారు. వెస్ట్ హామ్ ఒకే ఒక్క గోల్‌తో బ్లాక్‌బర్న్ రోవర్స్ మీద గెలిచింది. ఆ గోల్ కొట్టింది సామ్ స్మాల్. ఈ పేరు మా వాడు ఇంట్లో వందసార్లు చెప్పి ఉంటాడు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ తర్వాత జరిగింది. మూడు నెలలు తిరిగేసరికి, సెప్టెంబర్ 7న, మేం రోజూ బస్సులో దాటే ఈ డాక్స్ (ఓడరేవు) వైపే జర్మన్ బాంబుల వర్షం మొదలైంది. లండన్ మీద వరసగా 57 రాత్రులు. జూన్‌లో గోల్ చూసి గంతులేసిన వాళ్లలో ఎంతమంది ఇళ్లు పోయాయో. యుద్ధం మొదలవుతూనే ఇక్కడి పిల్లల్ని మెడలో గ్యాస్ మాస్క్ పెట్టె, కోటుకి పేరు రాసిన చీటీ తగిలించి, రైలెక్కించి ఎవరో తెలియని వాళ్ల ఊళ్లకి పంపేశారు.

"వాళ్లమ్మలు ఎలా పంపారు?" అని అడిగాడు. ఏం చెప్పను? వాడిని రెండు రోజుల స్కూల్ క్యాంప్‌కి పంపి రాత్రంతా నిద్రపోని దాన్ని నేను.

అప్పుడు మా అమ్మమ్మ సంగతి చెప్పాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా వైజాగ్ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అమ్మమ్మకి అప్పుడు సరిగ్గా వీడి వయసే. హార్బర్ వైపు నుంచి వచ్చిన ఆ చప్పుడు పెద్దయ్యాక కూడా చెవిలోంచి పోలేదనేది. జనం ఊరు ఖాళీ చేసి పోతుంటే, వాళ్ల నాన్న పిల్లల్ని ఎడ్లబండిలో చోడవరం చుట్టాలింటికి చేర్చి, తను మాత్రం ఉద్యోగానికి వెనక్కి వచ్చేశాడట. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి బయల్దేరామని ప్రతిసారీ చెప్పేది, అన్నిటికంటే ఆ అన్నమే ఆవిడకి బాగా గుర్తు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఇన్నాళ్లూ వైజాగ్ అంటే వాడికి బీచ్, తాతయ్య, మామిడిపళ్లు, అంతే. తర్వాత మెల్లగా "అయితే మన మీద కూడా బాంబులు పడ్డాయా?" అన్నాడు.

మన మీద. నేనేం నేర్పలేదు, సరిదిద్దలేదు.

అప్పటి బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉందని చెప్పాను. డిసెంబర్‌లో వెళ్తున్నాం. దాన్ని చూడ్డానికి వెస్ట్ హామ్ జెర్సీ వేసుకునే వస్తాడట, ఇప్పుడే సూట్‌కేస్‌లో పెట్టేశాడు.